మేడ మీద గాడి తప్పే ముల్లు

వరంగల్ గిర్మాజీపేటలో మా మేనత్త వాళ్ళది పాతకాలపు మేడ ఇల్లు. ఒకప్పుడు ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది: మేడ మీద రికార్డు తిరుగుతుంటే కూర్చున్నవాళ్ళు లేవకూడదు. మంచినీళ్ళు కావాలన్నా పాట అయ్యేదాకా ఆగాల్సిందే. లేచి నడిస్తే ముల్లు దూకేది, ఘంటసాల ఒక శ్లోకంలోంచి ఇంకో శ్లోకంలోకి వెళ్ళిపోయేవాడు, మామ కళ్ళెర్రజేసేవాడు.

1970ల్లో మామ కొన్న ఆ కరెంటు ప్లేయర్ మీద పడని నింద లేదు. ముల్లు అరిగిందన్నారు, మార్చారు. కరెంటు హెచ్చుతగ్గులన్నారు. రికార్డులు నాసిరకమన్నారు. ఇంటికొచ్చిన మెకానిక్ ఎవరో ముల్లు మీద పడే బరువు పెంచి పోయాడు. దూకడం కొంత తగ్గింది, రికార్డులు అరగడం పెరిగింది. తర్వాత క్యాసెట్లొచ్చాయి, ప్లేయర్ అటకెక్కింది, గొడవ సద్దుమణిగింది. ఈమధ్య అత్తమ్మ మనవడు కొత్త ప్లేయర్ కొనుక్కొచ్చి అదే గదిలో, అదే కిటికీ కింద, అదే బల్ల మీద పెట్టాడు. మంచి ఖరీదైనదే. మొదటి పాటలోనే ముల్లు దూకింది. అలా పాత కేసు మళ్ళీ తెరవాల్సి వచ్చింది.

చిక్కేమిటంటే, మామ తండ్రి హయాంలో అదే గదిలో చావి తిప్పే గ్రామఫోన్ ఉండేది. అది ఎన్నడూ దూకలేదు. దీనికి సాక్షి అత్తమ్మే. "నేను కాపురానికొచ్చిన కొత్తల పోరగాండ్లు దాని సుట్టూ ఎగిరేటోళ్ళు. దాని పాట అది పాడేది," అంటుంది. అంటే అన్నిటికన్నా మోటు యంత్రం నిలకడగా పాడింది. దాని తర్వాత వచ్చిన మెరుగైన యంత్రం తడబడింది. ఇంకా మెరుగైనది ఇంకా ఎక్కువ తడబడుతోంది. యంత్రం చెడ్డదైతే లెక్క ఇలా తిరగబడదు.

ముందు రికార్డు నిర్దోషా కాదా తేల్చుకోవాలి. దానికి చేతి గడియారం చాలు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్‌పీకి ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. 45 రికార్డుకు 1.33 సెకన్లు, పాత 78కి 0.77. రికార్డు మీద గీత పడి ఉంటే ముల్లు ప్రతి చుట్టులోనూ అక్కడే తట్టుకుంటుంది. 1.8 సెకన్లకోసారి టక్కుమంటుంది, ఎవరింట్లో వేసినా అదే మాట దగ్గర దూకుతుంది. ఇక్కడ ఆ క్రమం లేదు. ఒకసారి పల్లవిలో దూకితే ఇంకోసారి చరణంలో దూకుతుంది, మరోసారి అసలు దూకదు. అదే ప్లేయర్‌ని కింది గదిలో బండల నేల మీద పెట్టి అదే రికార్డు వేస్తే మచ్చుకైనా తడబాటు లేదు. రికార్డు బయటపడింది, దాంతోపాటే ప్లేయరూ బయటపడింది. ఇక మిగిలింది గది.

అయితే గది చావి గ్రామఫోన్‌ని ఎందుకు వదిలిపెట్టినట్టు? అందుకు జవాబు తూకంలో ఉంది. గ్రామఫోన్‌లో సౌండ్‌బాక్సు బరువంతా ఉక్కు ముల్లు మీద పడుతుంది. అది వంద గ్రాములకు పైమాటే. కింద లక్కతో చేసిన గట్టి రికార్డు, అందులో మిల్లీమీటరులో సుమారు ఏడో వంతు వెడల్పున్న గాడి. అంత బరువుతో అంత గాడిలో కూరుకుపోయిన ముల్లును బయటికి లాగాలంటే గది కాదు, గుద్దు కావాలి. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్‌పీ తెచ్చినప్పుడు గాడిని మూడో వంతుకు సన్నం చేసింది. వేగమూ తగ్గించింది. మూడు నాలుగు నిమిషాల పాట పట్టే వైపున ఇరవై నిమిషాలు దాటి పట్టింది అందుకే. సన్నటి గాడిలో పాత బరువు మోపితే గాడే చెక్కుకుపోతుంది కాబట్టి ముల్లు బరువూ తగ్గించాల్సి వచ్చింది. మామ నాటి పెట్టె ప్లేయర్లలో అది నాలుగైదు గ్రాములు ఉండేది, మనవడి ప్లేయర్‌లో రెండు గ్రాములకు లోపే. ముల్లు గాడిలో ఆనీ ఆననట్టు నడుస్తుంది, అందుకే రికార్డు అరగదు, అందుకే నేల కదిలితే దానికి ముందు తెలుస్తుంది. 'మాయాబజార్' (1957) పాటలు ఆ ఇంట్లో 78ల మీద క్షేమంగా బతికిపోయి, ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ఎల్‌పీ మాత్రం శ్లోకాలు దాటుకుంటూ నడవడంలోని రహస్యం ఇంతే. బరువు పెంచిపోయిన మెకానిక్ తెలిసో తెలియకో కాలాన్ని కాస్త వెనక్కి తిప్పాడు.

ఇక గది సంగతి. గోడలు రాయీ మట్టీ కలిపి కట్టి సున్నం పూసినవి. మందం మూరకు పైనే ఉంటుంది. ములుగు, ఏటూరునాగారం అడవుల టేకు చేతికందిన కాలం కాబట్టి మేడ నేలకు టేకే వాడారు. ఈ గోడ నుంచి ఆ గోడకు దంతెలు వేసి, వాటి మీద అడ్డంగా పలకలు పరిచి మేకులు కొట్టారు. నడిస్తే పలకలు కిర్రుమంటాయి. అందరూ ఆ కిర్రునే అనుమానిస్తూ వచ్చారు. నిజానికి ముల్లు దూకినప్పుడు ఒక్కోసారి కిర్రు ఉండదు, కిర్రుమన్నప్పుడు ముల్లు దూకదు.

ఏ చప్పుడుకు దూకుతుందో, ఏ చప్పుడుకు దూకదో అత్తమ్మను కూర్చోబెట్టి అడిగాను. ఇంటి గుట్టు ఇంటావిడకే తెలుస్తుంది. స్టేషను దూరం కాదు, గూడ్సు బండి పోతే కిటికీ రెక్కలు గలగలమంటాయి. మరి ముల్లో?

"దూకది."

కింద వాకిట్లో రోకలి పోటు వేస్తే?

"దూకది."

పిల్లలు పరుగెత్తితే?

"తలుపు కాడ ఉరికితె ఏం గాదు." ఆ తర్వాత కాస్త ఉడుక్కుంటూ అసలు సంగతి చెప్పింది: "నేను నిమ్మళంగ నడిసినా దుంకుతది బిడ్డా. మీ మామ నన్నే అనేటోడు."

ఈ మూడు ముక్కల్లోనే సగం దారి దొరికింది. గలగలలు, పోట్లు వినడానికి పెద్దవి, ముల్లుకు అవి లెక్కలోకి రావు. నిమ్మళంగా వేసే అడుగు చెవికి వినపడదు, కానీ ముల్లును లేపేస్తుంది. కాబట్టి నేరస్థుడు చప్పుడు చేసేవాడు కాదు. చెవికి అందనంత నిదానంగా ఊగే కదలిక.

ప్లేయర్ చెయ్యి ఎలా పనిచేస్తుందో ఇక్కడ కొంచెం చూడాలి. ముల్లు ఒక చిన్న కడ్డీ చివర ఉంటుంది, ఆ కడ్డీని కార్ట్రిడ్జ్‌లో రబ్బరు పట్టుకుని ఉంటుంది. రబ్బరు స్ప్రింగు లాంటిది, పైన చెయ్యి బరువు ఉంది. బరువూ స్ప్రింగూ కలిసిన చోటల్లా వాటికంటూ ఒక ఊగే వేగం ఉంటుంది. మంచి ప్లేయర్లలో అది సెకనుకు 8 నుంచి 12 సార్లు, అంటే 8–12 హెర్ట్జ్ ఉండేట్టు చూస్తారు. ఇది ఏరికోరి పెట్టుకున్న చోటు. వంకరపోయిన రికార్డు ముల్లును ఎత్తిదించే వేగాలు దీనికి చాలావరకు కిందే ఉండిపోతాయి, పాటలోని స్వరాలు 20 హెర్ట్జ్ పైన మొదలవుతాయి. రెండిటికీ మధ్య ఖాళీ స్థలం కనక ఇంజినీర్లు అక్కడ స్థిరపడ్డారు. కాంక్రీటు స్లాబు మీద అయితే ఈ లెక్క దివ్యంగా సాగుతుంది.

ఆర్‌ఈసీలో సివిల్ చదివిన మిత్రుడొకరు మేడ మీదికొచ్చి గది మధ్యలో మునివేళ్ళ మీద లేచి మడమలు ధబీమని దించాడు. నేల ఊపు కొలిచే పద్ధతుల్లో ఇదొకటట. జర్మనీలో ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, ఫోన్‌లోని కదలికల సెన్సరు ఏం పసిగడుతోందో గీతగా చూపిస్తుంది. ఫోన్‌ని పలకల మీద పెట్టి చూస్తే మడమ పడ్డాక నేల నెమ్మదిగా చల్లబడుతూ ఊగింది: సెకనుకు ఎనిమిది, తొమ్మిది సార్లు. ఇంజినీర్లు ఏ ఖాళీ చూసుకుని చెయ్యిని స్థిరపరిచారో, ఈ నేల సరిగ్గా అక్కడే ఊగుతోంది. ఉయ్యాలను దాని వరస చూసి తోస్తే చిటికెన వేలితోనైనా ఆకాశానికెక్కుతుంది. అత్తమ్మ అడుగు నేలను తోస్తోంది, నేల చెయ్యిని తోస్తోంది, నేలదీ చెయ్యిదీ ఒకే వరస. రైలు తెచ్చే అదురు చాలావరకు ఇంతకంటే వేగంగా ఊగేది కాబట్టి కిటికీ రెక్కలను పట్టుకుంటుంది, చెయ్యిని పట్టుకోదు. వాకిట్లో రోకలి పోటు భూమిలోకి పోతుంది, దంతెల నడుముదాకా ఎక్కిరాదు.

మరి పిల్లలు తలుపు దగ్గర గెంతితే ఎందుకు ఏమీ కాదు? ఇక్కడ మోకాళ్ళ మీద వంగి నేల చూడాల్సి వచ్చింది. పలకల మీద మేకు తలలు వరసలుగా కనిపిస్తాయి. తరాల పాదాల కింద నలిగి నున్నగా నల్లబడి ఉన్నాయి, కొన్ని పలకలోకి దిగిపోయాయి. పలకలు తూర్పు పడమరలుగా ఉంటే మేకుల వరసలు ఉత్తర దక్షిణాలుగా సాగుతున్నాయి. పలక ఏ దంతెకు ఆనిందో అక్కడే మేకు పడుతుంది కాబట్టి మేకుల వరస అంటే దాని కింద దంతె ఉన్నట్టే. దంతెలు ఉత్తరపు గోడ నుంచి దక్షిణపు గోడకు పోతున్నాయన్నమాట. తలుపు ఉత్తరపు గోడలో ఉంది. అక్కడ దంతె కొస గోడలోకి చొచ్చుకుని ఉంటుంది, ఎంత గెంతినా కుంగదు. ప్లేయర్ బల్ల ఉన్నదేమో పడమటి కిటికీ కింద.

ఇన్నేళ్ళూ అందరూ మోసపోయింది ఇక్కడే. "గోడవారనే ఉన్నది గదా" అనుకున్నారు. గోడవార నిజమే, కానీ అది దంతెలను మోసే గోడ కాదు. దాని పక్కనుంచి దంతె సాగిపోతుందే తప్ప గోడ దాన్ని ముట్టుకోదు. పైగా కిటికీ గోడకు సరిగ్గా నడిమధ్యలో ఉంది. అంటే బల్ల నిలబడింది దంతెల నడుము మీద, అన్నిటికన్నా ఎక్కువ ఊగే చోట. అత్తమ్మ మంచం దగ్గర నుంచి నడిచే దారీ ఆ నడుము మీదుగానే. వెలుతురు కోసం కిటికీ కింద పెట్టుకున్నారు, అదీ తప్పనలేం.

ఇంకో చిన్న ఆధారం ముల్లు దూకే తీరులో ఉంది. మనవడు ఫోన్‌లో నెమ్మదిగా నడిచే వీడియో తీశాడు. "మామా చూడు, పక్కకు జారట్లేదు, ముందు పైకి లేస్తుంది," అన్నాడు. నిజమే, ముల్లు గాడి గట్టు దాటి పక్కకు పోవడానికి ముందు ఒక క్షణం గాలిలో ఉంది. ఎందుకంటే చెయ్యి వెనక కొసన బరువు కట్టి తూకం కుదిర్చి ఉంటుంది. బల్ల మొత్తం ఒక్కటిగా లేచి దిగితే చెయ్యి కూడా దాంతోపాటు లేచి దిగుతుంది, పెద్ద ఇబ్బంది లేదు. కానీ బల్ల వెనక కాళ్ళు గోడ అంచున, ముందు కాళ్ళు గదిలోకి ఉన్నాయి. మనిషి నడిస్తే ముందు కాళ్ళు ఎక్కువ దిగుతాయి, బల్ల తల ఊపుతుంది. ముందు వెనక కాళ్ళ మధ్య అడుగున్నర దూరం ఉన్న బల్ల ముందుకు ఒక్క మిల్లీమీటరు ఒరిగినా, చెయ్యి ఇరుసు నుంచి తొమ్మిది అంగుళాల దూరంలో ఉన్న ముల్లు కింద రికార్డు అర మిల్లీమీటరు దిగుతుంది. ఎల్‌పీ గాడి లోతు మిల్లీమీటరులో సుమారు ముప్పయ్యో వంతు. రెండు గ్రాములు అదిమేలోపే కింద గాడి ఖాళీ అయిపోతుంది.

కారణం తేలినా మందు కుదరడానికి కొన్నాళ్ళు పట్టింది. ఇంటికొచ్చిన ప్రతివాడూ వైద్యుడే.

మొదటి మందు సైకిల్ ట్యూబు. కొంచెం గాలి కొట్టి, మీద పలక వేసి, దాని మీద ప్లేయర్ పెట్టమన్నారు. ఇది పిచ్చి సలహా కాదు. 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఏఆర్ కంపెనీ తరఫున తెచ్చిన ప్లేయర్‌లో లోపలి చట్రం మూడు స్ప్రింగుల మీద వేలాడుతుంది. పాట నడుస్తుండగా పెట్టె మీద సుత్తితో కొట్టినా ముల్లు చలించేది కాదు. అయితే సుత్తి దెబ్బ వేగమైనది. స్ప్రింగు తన సొంత వేగానికి బాగా పైనున్న కదలికలనే ఆపగలదు, తన వేగం దగ్గరికొచ్చిన వాటిని పెంచుతుంది. మెత్తటి స్ప్రింగులు, గాలి ట్యూబులు 3 నుంచి 5 హెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. మనిషి నడక సెకనుకు సుమారు రెండు అడుగులు, దాని రెట్టింపు నాలుగు. ట్యూబు మీద ప్లేయర్ పెట్టి నడిస్తే అది కాసేపు పడవలా తూగింది. ఊగే నేల మీద ఊగే పీట పెట్టకూడదు.

రెండో మందు షాబాదు బండ. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళమున్నర మందం. బరువు 27 కిలోల దాకా ఉంటుంది. బల్ల మీద పెట్టారు. "ఇప్పుడు ఎట్ల కదులుతదో చూస్త," అన్నాడు తెచ్చినాయన. కదిలింది. బండ బల్లను కదలకుండా ఆపగలదు గానీ నేలను ఆపలేదు. దంతెల నడుము మీద ఇంకొంత బరువు వేలాడదీసింది, అంతే. బరువు పెరిగితే నేల ఊపు ఇంకాస్త నిదానిస్తుంది. తొమ్మిది వైపు ఉన్నది ఎనిమిది వైపు జరుగుతుంది, చెయ్యి వేగానికి దూరం కావాల్సింది దాని చుట్టూనే తచ్చాడుతుంది.

మూడోది అత్తమ్మ మందు, ఓరుగల్లు మనిషి ఎవరైనా చెప్పే మందు. "ఇసుక పెట్టరాదురా. రామప్ప గుడి ఇసుక మీదనే నిలవడ్డది గదా."

పాలంపేట రామప్ప గుడిని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం 1213 నాటిది. పునాది గొయ్యి తీసి ఇసుక నింపి దాని మీద అంత రాతి కట్టడాన్ని నిలిపారు. 2021 జూలైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు వరంగల్‌లో ఇసుక పునాది మాట ఎత్తని నోరు లేదు. హన్మకొండ వేయిస్తంభాల గుడి (1163) కల్యాణమండపాన్ని పురావస్తు శాఖ రాయి రాయికీ అంకె వేసి విప్పింది, ఏళ్ళ తరబడి సాగిన ఆ పని ముగిసి 2024 మార్చిలో మండపం మళ్ళీ తెరుచుకుంది. ఆ విప్పదీతతో దాని కింది ఇసుక సంగతి కూడా ఊళ్ళో చిన్నపిల్లలక్కూడా తెలిసింది. కాబట్టి అత్తమ్మ మాటను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు.

కానీ రామప్ప గుడిలో ఇసుక చేసే పని వేరు. గొయ్యి గోడల మధ్య బిగిసిన ఇసుక పక్కలకు జారలేదు. పైనుంచి పడిన బరువును చుట్టూ పంచుతుంది, నీటిని నిలవనివ్వదు, భూమి కదిలితే రేణువులు ఒకదాని మీద ఒకటి రాసుకుని ఆ కదలికలో కొంత శక్తిని తినేస్తాయి. దాని కింద ఉన్నది భూమి. భూమి ఊయల కాదు. అంతా ఉన్నా రామప్ప మండపంలో నేల బండలు అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడుగా అలలు తేలి కనిపిస్తాయి. గుడి నిలబడింది గానీ దాని నేల మీద ప్లేయర్ లెవెల్‌గా కూర్చోదు. మన బల్ల మీద పెట్టబోయే ఇసుక పెట్టె కింద ఉన్నది భూమి కాదు, టేకు దంతెల నడుము. బండంత సైజు పెట్టెలో నాలుగంగుళాల ఇసుక పోస్తే 45 కిలోలకు తక్కువుండదు. బండ చేసిన పనే ఇదీ చేస్తుంది, ఇంకొంచెం గట్టిగా. ఎనిమిది హెర్ట్జ్ ఊపులో పెట్టె మొత్తం ఇసుకతో సహా ఒకే ముద్దగా లేచి దిగుతుంది, రేణువులు ఒకదాన్నొకటి రాసుకునే అవసరమే రాదు.

రామప్ప నుంచి తెచ్చుకోదగింది ఇంకొకటి ఉంది: దాని విమానం ఇటుకలు. నీళ్ళలో వేస్తే తేలేంత తేలికైనవి. కింద నమ్మకం లేనిచోట పైన బరువు తగ్గించు అన్నది ఆ కట్టినవాళ్ళ అసలు లెక్క అని నాకనిపిస్తుంది. చెక్క నేల మీద ప్లేయర్ పెట్టక తప్పనివాళ్ళకు ఇదే దారి. బరువైన బల్లలు, బండలు తీసెయ్యాలి. తేలికైన, గట్టిగా బిగించిన పొట్టి స్టాండు చూసుకుని దంతెల కొసలు ఆనే గోడవార, మూలకు జరపాలి. ఆ ఇంట్లో బల్లను కిటికీ కింద నుంచి ఉత్తరపు మూలకు మార్చగానే దూకుళ్ళు చాలావరకు పోయాయి. పూర్తిగా పోలేదు. తల ఊపడం ఇంకా కొంచెం మిగిలింది.

ఇంతలో కథలోకి రెండో దొంగ వచ్చాడు. ఎవరూ నడవకపోయినా, రాత్రిళ్ళు సౌండు పెంచితే స్పీకర్లలో ఒక గుయ్యిమనే మోత మొదలై పాటను మింగేసేది. మనవడు దీన్నీ అడుగుల ఖాతాలోనే వేశాడు. కాదు, ఇది వేరే మనిషి. స్పీకర్ల ఊపు పలకల్లోకి, పలకల నుంచి బల్లలోకి, బల్ల నుంచి ముల్లులోకి వచ్చి, యాంప్లిఫైయర్‌లో పెరిగి, మళ్ళీ స్పీకర్లలోంచి వస్తుంది. గుండ్రంగా తిరిగే ఈ అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. నిజంగా ఇదేనా అన్నది తేల్చడం తేలిక: ప్లేయర్ ఆపి, కదలని రికార్డు మీద ముల్లు ఆనించి, సౌండు కొంచెం పెంచి, బల్ల మీద వేలితో తట్టాలి. తట్టిన చప్పుడు స్పీకర్లలో ఎంత పెద్దగా వినపడితే అంత దారి తెరిచి ఉన్నట్టు. చావి గ్రామఫోన్‌కి కరెంటూ లేదు, యాంప్లిఫైయరూ లేదు కాబట్టి అప్పట్లో ఈ దొంగ పుట్టనే లేదు.

ఈ దొంగ ఊపు చెయ్యి ఊపు కంటే ఎన్నో రెట్లు వేగమైనది, పలకల్లో గణగణలాడేది. అత్తమ్మ ఇసుక ఇక్కడ పనికొచ్చింది. ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ కంపెనీ అధిపతి గిల్బర్ట్ బ్రిగ్స్ 1950లలోనే రెండు పలకల మధ్య ఇసుక నింపి స్పీకర్ పెట్టెలు చేశాడు. చెక్క మోగబోతే ఇసుక ఆ మోతను నమిలేస్తుంది. మనవడు రెండు చిన్న చెక్క ట్రేలలో ఎండిన ఇసుక పోసి, మీద పలక వేసి, స్పీకర్లను దక్షిణపు గోడవార దంతెల కొసల మీదకు మార్చాడు. మోత చాలా తగ్గింది. "సెప్పిన గదా," అంది అత్తమ్మ. ఆవిడకు సగం మార్కులు ఇవ్వక తప్పలేదు.

మొదటి దొంగకు ఆఖరి మందు గోడ. బ్రిటన్‌లో విక్టోరియా కాలపు ఇళ్ళలో నేలలు ఇలాంటి చెక్కవే, నడిస్తే ఊగేవే. స్ప్రింగు చట్రం మీద నడిచే లిన్ ప్లేయర్లు 1970ల్లో గ్లాస్గో నుంచి వచ్చి పేరు తెచ్చుకున్నప్పుడు అక్కడివాళ్ళకూ ఇవే తిప్పలు ఎదురయ్యాయి, చాలామంది ప్లేయర్‌ని నేల నుంచి విడదీసి గోడకు బిగించిన అరల మీదికి ఎక్కించారు. మూరెడు మందమున్న రాతి గోడ మనిషి నడకకు చలించదు. దాని బరువు ముందు మన అడుగు ఎంత?

గదిలో ఉత్తరపు గోడకు అప్పటికే ఒక గూడు ఉంది. సరిపోయే ఎత్తే, లోతు చాలదు. కొంచెం ముందుకు బండ వేసి పెంచుదామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "దేవుని పటాలు దీసి పాటల డబ్బ పెడతరా?" ఆ మాట తర్వాత గూడు ఊసు ఎవరూ ఎత్తలేదు. పక్కనే అర బిగిద్దామని డ్రిల్లు పెడితే సున్నం పొర దాటగానే మట్టి జలజలా రాలింది. అలాంటి గోడలో ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ నిలవవు. మేస్త్రిని పిలిచారు. ఆయన గోడను వేళ్ళతో తట్టి చూసి, సున్నం గీకి, రెండు చోట్ల రాయి సందులు వెతికాడు. చిన్న రాళ్ళు రెండు ఊడబీకి, ఇనుప యాంగ్లర్లను తొమ్మిది అంగుళాలు లోపలికి దించి, చుట్టూ రాతి చిప్పలు బిగించి సిమెంటు కూరాడు. ఆరనివ్వమని వారం గడువు పెట్టాడు. యాంగ్లర్ల మీద బండ వేస్తానన్నాడు, మనవడు వద్దన్నాడు. తేలికైన ప్లైవుడ్ పలకే చాలు. పలక బరువు తగ్గేకొద్దీ అర ఊగే వేగం పైకి పోతుంది, చెయ్యి వేగానికి అంత దూరమవుతుంది.

అర బిగించాక ఫోన్‌ని దాని మీద పెట్టి, మిత్రుడు గది మధ్యలో మళ్ళీ మడమలు దించాడు. పలకల మీద కొండలెక్కి దిగిన గీత అర మీద దాదాపు చదునుగా పోయింది. రికార్డు వేశారు. అత్తమ్మను నడవమన్నారు. ఆవిడ కావాలనే మడమలు ఆనించి రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. ముల్లు గాడిలోనే ఉంది.

గోడకూ తన బలహీనతలున్నాయి. గదిలోకొచ్చే తలుపు అదే గోడలో ఉంది కాబట్టి గాలికి రెక్క ధడేలుమంటే ఆ దెబ్బ నేరుగా అరకు అందుతుంది, ఆ ఒక్కదానికి ముల్లు ఇంకా ఉలిక్కిపడుతుంది. మనవడు పాత హవాయి చెప్పు అడుగు కోసి ఆ ముక్కను రెక్క ఆనే చోట కొట్టాడు. వానాకాలం తర్వాత ప్లైవుడ్ కాస్త వంగితే లెవెల్ చూసుకోవాలని, లేకపోతే చెయ్యి లోపలికి జారడం మొదలుపెడుతుందని వాడికి చెప్పాను. మేస్త్రి దగ్గర మూరెడు పొడుగు లెవెల్ గొట్టం ఒకటుంది, అది అడిగి తెచ్చుకుంటానన్నాడు.